చూడకుండా రాసిన నార్మల్

2023, వానాకాలం ముగిసే రోజులు. గోదావరి వరద తీసి నెల దాటినా, భద్రాచలంలో నేను శిక్షణ పొందుతున్న ప్రైవేటు ఆసుపత్రి వార్డులో జ్వరాలు మాత్రం తగ్గలేదు. నేను అప్పుడు ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చివరి ఏడాది, అంటే ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. మాది ముదిగొండ పక్కన ఒక పల్లె. "ఇన్నేండ్లు చదివి డాక్టరూ కాకపోతివి, నర్సూ కాకపోతివి, మరి ఏందే నువ్వు?" అని మా మేనత్త అడగని పండగ లేదు.

అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేదాన్ని. డాక్టర్ వచ్చేలోపు రోగితో మాట్లాడేది, ఒళ్లంతా పరీక్ష చేసేది, కేస్ షీట్ రాసేది, ఆ తర్వాత వైద్యం సరిగా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండేది మేము. మందు రాసే అధికారం మాకు లేదు. కానీ మేం తప్పు రాస్తే డాక్టర్ కూడా తప్పుదారి పడతాడు. ఈ చివరి ముక్క క్లాసులో వంద సార్లు విన్నాను. విని ఏం లాభం?

ముత్తమ్మను ఆమె కూతురు లక్ష్మి ఆటోలో తీసుకొచ్చింది. చర్ల దారిలో అడవి పల్లె వాళ్లది. తల్లికి యాభై దాటి ఉంటాయి, పోడు చేను చేసుకునే మనిషి. ఆరు రోజులుగా జ్వరం. మలేరియా, డెంగీ పరీక్షలు రెండూ నెగటివ్ వచ్చాయి. నడుం దగ్గర చీర కాస్త వదులు చేయమంటే రెండు చేతులతో రొంటిని గట్టిగా పట్టుకుంది. అక్కడ పొగాకు సంచి దోపుకుని ఉంది. వార్డులో పొగాకు కనిపిస్తే నర్సులు లాక్కుంటారని ఎవరో ముందే చెప్పినట్టున్నారు.

"నా సంచి నీకియ్య. పో బిడ్డా."

"నీ సంచి నాకెందుకు పెద్దమ్మా? పొట్ట చూడాలె."

"పొట్ట నొస్తలేదు. జరం వచ్చింది. జరానికి సూదెయ్యి, జల్దీ ఇంటికి పోత."

నాకు నవ్వొచ్చింది. బయట బెంచీ మీద ఇంకా బోలెడుమంది ఉన్నారు. చీర మీది నుంచే పొట్ట నొక్కి, చర్మం అన్న గడిలో 'ఎన్‌ఏడీ' అని గీకేశాను. ఏ తేడా కనిపించలేదని దానర్థం. చూస్తే కదా కనిపించడానికి! మా పెద్ద సార్, అంటే నాకు శిక్షణ ఇస్తున్న ఫిజీషియన్, ఆ షీట్ చదివి టైఫాయిడ్ అయి ఉంటుందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి ముత్తమ్మ ఆయాసపడుతోంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. సాయంత్రానికి తగ్గకపోతే ఖమ్మం పంపుదామని, వెంటిలేటర్ అవసరం పడొచ్చని సార్ అన్నారు. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ దారిల్నే పోతదా మేడమ్? నిజం చెప్పు."

నేను చూడని చోటు ఒకటి ఉందని ఆ వార్డులో తెలిసింది నా ఒక్కదానికే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తెర లాగి మంచం పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, సంచి నీ చేతిలోనే పెట్టుకో. నేను ముట్ట, ఒట్టు."

ఆమె సంచి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. లక్ష్మి చీర వదులు చేసింది. కుచ్చిళ్ల కింద, ఎడమవైపు, చిటికెన వేలి గోరంత నల్లటి పక్కు. చుట్టూ ఎర్రటి అంచు.

"చుట్ట నిప్పు పడ్డట్టుంది" అంది లక్ష్మి. "మా అమ్మ తాగుతది."

పక్కు మీద వేలు పెట్టి నొక్కాను. "నొస్తుందా పెద్దమ్మా?"

"ఏడ?" అంది ముత్తమ్మ. అక్కడ ఒక పుండు ఉన్నట్టే ఆమెకు తెలియదు. గజ్జల్లో బిళ్ల కట్టి ఉంది. లక్ష్మిని అడిగితే చెప్పింది, మొక్కజొన్న చేనుకి పందులొస్తుంటే కాపలా ఉన్నదట, గడ్డిలోనే పడుకునేదట. స్క్రబ్ టైఫస్! గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం అది. కుట్టిన చోట ఇలాగే నొప్పి లేని నల్ల పక్కు కడుతుంది. సరైన మందు త్వరగా పడితే మనిషి లేచి కూర్చుంటుంది. పడకపోతే ఊపిరితిత్తులు చెడిపోతాయి.

కేస్ షీట్‌లో ఆ పక్కు గురించి, స్క్రబ్ టైఫస్ అనుమానం గురించి రాశాను. దాని కింద, "నిన్న ఇక్కడ పరీక్ష చేయకుండానే నార్మల్ అని రాశాను" అని కూడా రాసి సంతకం పెట్టాను. సార్ తన గదిలో అది చదివి కళ్లద్దాలు తీశారు.

"అది చుట్ట కాలిన మచ్చ. ఇక్కడ ఎంతమందికి చూళ్లేదు? సరే, అది ఉండనీ. ఈ రెండో లైనేంటి? రేపు ఆమెకేమన్నా అయితే ఆసుపత్రి మీదికొస్తుంది. కొట్టెయ్."

"కొట్టెయ్యను సార్."

"అయితే షీట్ మార్చి కొత్తది రాయి."

"రాయను సార్."

"నీ ఇంటర్న్‌షిప్ మీద సంతకం పెట్టాల్సింది నేను. తెలుసుగా?"

నోరు ఆగలేదు. "తెలుసు సార్. మీరు పెట్టకపోతే ఇంకో ఏడాది చేస్తా. ఆమెకి సాయంత్రం దాకా కూడా టైం లేదు. నేను అబద్ధం రాస్తేనే కదా మీరు టైఫాయిడ్ అనుకున్నది? ఒక్కసారి వచ్చి చూడండి. చుట్ట కాలితే మనిషికి తెలియదా సార్?"

సార్ లేచారు, నన్ను దాటుకుని వార్డులోకి నడిచారు. పక్కు మీద నొక్కారు, గజ్జల్లో బిళ్ల తడిమారు. ముత్తమ్మ ఆయన్ని కాకుండా ఆయన చేతిని అనుమానంగా చూస్తూ సంచి వెనక్కి దాచుకుంది.

"డాక్సీసైక్లిన్ మొదలుపెట్టండి, ఇప్పుడే" అన్నారు నర్సుతో. "స్క్రబ్ టెస్టుకి రక్తం పంపండి."

టెస్టు పాజిటివ్ వచ్చింది. రెండో రోజుకి జ్వరం దిగింది, నాలుగో రోజుకి ఆక్సిజన్ తీసేశారు. ఇంటికి పోయే రోజు ముత్తమ్మకు నేను జరిగింది దాచకుండా చెప్పాను. నిన్ను సరిగా చూడలేదు పెద్దమ్మా, తప్పు నాదే అన్నాను.

"అవ్, నేనే చూడనియ్యకపోతిని గదా" అంది.

"నువ్వు వద్దన్నవు. చూసినట్టు రాసింది నేను."

ఆమె సంచి రొంటిలో దోపుకుంటూ, "గట్లయితే ఇంకెవర్నీ గిట్ల చెయ్యకు" అంది. అంతే. దీవెన ఏమీ పెట్టలేదు.

ఇంటర్న్‌షిప్ కాగితాల మీద సార్ సంతకం పెట్టారు. పక్కన 'మాట వినదు' అని రాశారు. రాయనీ, అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు నా దగ్గరికి కొత్త ఇంటర్న్‌లు వస్తారు. మొన్న ఒకమ్మాయి కేస్ షీట్ పట్టుకుని, "అక్కా, ఆమె చూడనియ్యట్లేదు. నార్మల్ అని పెట్టెయ్యనా?" అని అడిగింది.

"చూడలేదని రాయి. తర్వాత మళ్లీ పోయి అడుగు."

"సార్ తిడతారక్కా."

"తిట్టనీ. తిట్లు నువ్వు పడు. మంచం మీదున్న మనిషిని పాట్లు పడనియ్యకు."