చెకోస్లోవేకియా డ్రిల్లు మాస్టారు

పాతికేళ్లు నిండనంతవరకు మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఎనభైల మొదట్లో, నేనలా సర్వజ్ఞుడిగా ఉన్న కాలంలో, గురజాల దగ్గర ఒక హైస్కూల్లో తాత్కాలిక డ్రిల్లు మాస్టారుగా చేరాను. ఫుట్‌బాల్ గురించి నాకున్న జ్ఞానమంతా ఒక పాత క్రీడాపత్రికలో చదివిన వ్యాసమే. అందులో చెకోస్లోవేకియా కోచ్‌ల జీవితాలు రాశారు. కుర్రతనంలో ఆడటం, మోకాలు దెబ్బతిని కోచ్ కావడం, గెలిస్తే దండలు, ఓడితే మర్నాడే పెట్టె సర్దుకుని ఇంకో ఊరు. అంత చిన్న దేశం యూరప్ కప్పు గెలిచిందంటే, కాళ్ల దగ్గర బంతి లేనివాడు కూడా ఊరుకోకుండా ఖాళీ చోటుకి పరుగెత్తడం వల్లనేనట. ఉదయం ప్రార్థన దగ్గర బడికంతటికీ ఈ వ్యాసం చదివి వినిపించాను (ఓడితే కోచ్‌ని తీసేస్తారన్న ముక్కతో సహా. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే).

బడికున్నది ఒకటే బంతి. పల్లేరుకాయలు గుచ్చుకుని పంచరవుతుందని హెడ్మాస్టరు గారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. "మ్యాచి నాడు ఇస్తాలేవయ్యా. ఇప్పుడే అరగదీస్తే ఆనాడు దేంతో ఆడతారు?" అన్నారు. నేనేమీ బాధపడలేదు. బంతి లేకుండా ఆడటమే కదా అసలు విద్య! మూడు వారాలు సాయంత్రం పూట పిల్లల్ని ఖాళీ చోట్లకు పరుగెత్తించాను. మా కెప్టెన్‌ని అందరూ బుల్లెట్ అనేవాళ్లు (వాళ్ల నాన్న బజార్లో మోటారు సైకిళ్ల మెకానిక్). వాడొక్కడే అడిగాడు, "సార్, బంతెప్పుడు తన్నేది?" అని. "చెకోస్లోవేకియాలో ఇట్లా అడగరు" అని గద్దించాను. నా ఉద్యోగం ఆ నెలాఖరు వరకే. నరసరావుపేట జట్టు మీద గెలిస్తే పొడిగించమని పైకి రాస్తానని హెడ్మాస్టరు గారు మాటిచ్చారు.

నరసరావుపేటలో విజిల్ మోగింది. బుల్లెట్ బంతిని కాలితో అలా తాకి, దాన్నక్కడే వదిలేసి, లేడిపిల్లలా ఖాళీ చోటుకి దూసుకుపోయాడు. మిగతా వాళ్లూ తలో దిక్కుకి పోయారు. మైదానం మధ్యలో బంతి ఒంటరిగా మిగిలింది. అవతలి జట్టు ఇదేదో ఎత్తుగడ అని కాసేపు అనుమానించి, తర్వాత నింపాదిగా తీసుకెళ్లి గోల్లో వేసింది. ఆపడానికి మా గోలీ కూడా లేడు, వాడికీ ఖాళీ చోటు కనబడింది. గట్టు మీద నుంచి బుల్లెట్ వాళ్ల నాన్న కేక పెట్టాడు.

"ఒరేయ్, బంతి ఈడుంటే ఏడికి పోతన్నావురా?"

"సారు చెప్పినకాడికే!"

మొత్తం ఏడు గోల్స్ పడ్డాయి.

తిరుగు బస్సులో హెడ్మాస్టరు గారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. "ఏమయ్యా, ఆ దేశంలో ఓడితే ఏం జేస్తారన్నావు?"

"తీసేస్తారండీ."

ఆయన కిటికీలోంచి మిరపచేలు చూస్తూ, "ఆళ్లకి బంతి ఇచ్చి తీసేస్తారయ్యా. నేను నీకు ఇయ్యనే లేదాయె. ఇంక తీసేసే మొహం నాకేడుంది? రేపే రాస్తాలే" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన కాళ్ల మీద పడదామనుకున్నాను గానీ, ఆ బస్సులో వంగడానికి చోటు లేదు.

డ్రిల్లు మాస్టారుగానే రిటైరయ్యాను. ఇప్పుడు టీవీలో, కోటు వేసుకుని మైదానం గీత పక్కన నిలబడ్డ కోచ్ మ్యాచి ఓడి ఉద్యోగం పోగొట్టుకున్నాడని చెబితే నాకు ఆ పూట అన్నం సయించదు. "మీకేమన్నా చుట్టమా?" అంటుంది మా ఆవిడ. చుట్టం కాదు. పాపం, ఎంత పెద్ద దేశంలో పనిచేస్తేనేం, అతనికి మా హెడ్మాస్టరు గారు దొరకలేదు.