రెండింటి నుంచి ఆరింటి దాకా

మా పైలట్ల సంఘానికి ఆఫీసంటూ ఏమీ లేదు. చిక్కడపల్లి సందులో, మూడో అంతస్తులో ఉన్న మా ఇంటి ముందుగదే ఆఫీసు. సభ్యుల్లో చాలామంది ఎయిర్‌పోర్టు వైపు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉంటారు, కానీ మా ఇల్లు వాడుకోండి అని ఒక్కరూ అనలేదు. నేను అనేశాను. నాకు నోరు ముందు, ఆలోచన తర్వాత. ఆ నోరు చూసే, కంపెనీతో జీతాలూ పని గంటలూ మాట్లాడే కమిటీలోకి నన్ను కూడా ఎన్నుకున్నారు. నలుగురం. మా పెద్దదిక్కు ఒక సీనియర్ కెప్టెన్, గోదావరి వైపు మనిషి, రిటైర్మెంటుకు రెండేళ్లు ఉన్నాయి. ఇంకో ఇద్దరు కెప్టెన్లు. కో-పైలట్ల తరఫున నేను.

అంత హుషారుగా నా జీవితంలో ఎప్పుడూ లేను. విమానం మొదటిసారి ఒంటరిగా నడిపిన రోజు కూడా ఇంత ఉత్సాహం లేదంటే నమ్మండి. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే ముందుగదిలో కాగితాలు పరుచుకుని కూర్చునేదాన్ని. మా అమ్మ చాయ్‌లు పోస్తూనే ఉండేది. అలవెన్సు, ఇంటి దగ్గర పిలుపు కోసం ఎదురుచూసే రోజులు, ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అని చెప్పే రోస్టర్ ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి అన్నవి ఒక్కొక్కటీ నెలల తరబడి లాగాయి. హైదర్‌గూడలోని ఒక హోటల్ చిన్న హాల్లో బల్లకు ఇటు మేము, అటు కంపెనీ వాళ్లు. అటు మాట్లాడేది సిబ్బంది వ్యవహారాలు చూసే మేడం ఒక్కరే. ఆమె గొంతు ఎప్పుడూ పెరగదు. నాదేమో పెరగని రోజు లేదు.

కానీ నేను కమిటీలో చేరింది జీతం కోసం కాదు. అది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతాను. అంతకు ముందు ఏడాది, వరుసగా మూడో రోజు తెల్లవారుజాము డ్యూటీలో, విశాఖ వెళ్తూ దారిలో నిద్రపోయాను. కునుకు కాదు, నిద్రే. రేడియోలో మమ్మల్ని పిలుస్తున్న గొంతు విని ఉలిక్కిపడి లేచాను, జవాబు చెప్పాను. ఎడమ సీట్లో మా సీనియర్ కెప్టెన్. ఎదురుగా సూర్యుడు, ఆయన నల్లద్దాలు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒక్క మాట అనలేదు. చూసీ చూడనట్టు వదిలేశారని అనుకున్నాను. ఆ మంచితనానికి మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. వెనక డెబ్బై మంది దాకా ఉన్నారు. రిపోర్టు రాయాల్సింది, రాయలేదు. సిగ్గు, దాని పక్కనే భయం. మళ్లీ అలా జరిగితే, ఈసారి పక్కన మెలకువగా ఉండే మనిషి లేకపోతే అన్న ఆలోచన అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

మా మొదటి విమానం వెలుగురేకలతో లేస్తుంది. ఐదింటికి ఎయిర్‌పోర్టులో సంతకం పెట్టాలి. అంటే చిక్కడపల్లిలో రెండున్నరకు లేవాలి, ముందురోజు పట్టపగల్లాంటి సాయంత్రం ఆరింటికే పడుకోవాలి. మా సందులో సాయంత్రం ఆరింటికి నిద్రపోగల మనిషి ఉంటే చూపించండి. అయినా కంపెనీ లెక్కలో ఐదింటి డ్యూటీ ‘పొద్దున’ డ్యూటీ. ఎన్ని రోజులైనా వరుసగా వేయొచ్చు. నాకు కావాల్సింది ఒకే ఒక్క వాక్యం. తెల్లవారుజామున రెండింటికీ ఆరింటికీ మధ్య మొదలయ్యే డ్యూటీలు వరుసగా రెండు పడితే, మూడో రోజు సెలవు.

ఆ వాక్యం నేనే రాశాను. నలుగురం ఎన్నోసార్లు చదివాం. చివరి సమావేశంలో అది బల్ల మీదకు వచ్చింది. కొట్లాటకు నేను చీర కొంగు దోపుకుని సిద్ధంగా ఉన్నాను. మేడం చదివారు, పక్కనున్న లాయరు చెవిలో ఏదో అన్నారు, ఆయన తల ఊపాడు. “దీనికి మాకు అభ్యంతరం లేదు” అన్నారామె. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పేజీ కింద రెండు వైపులవాళ్లూ పొడి సంతకాలు కూడా పెట్టేశారు.

బయటకొచ్చాక మా కాళ్లు నేల మీద నిలవలేదు. పైలట్ల విషయంలో ఈ మాట కొంచెం అతిగా ఉన్నా అదే నిజం. నారాయణగూడ చౌరస్తా దగ్గర మిఠాయి దుకాణంలో దూరి, మా సీనియర్ కెప్టెన్ తన చక్కెర జబ్బు సంగతి మరిచి రెండు జాంగ్రీలు తిన్నారు. “నీ వాక్యం చూసి భయపడిపోయారమ్మా” అని నన్ను ఆటపట్టించారు. నేను నమ్మేశాను కూడా. పొగిడితే నమ్మడంలో నాకు ఎప్పుడూ ఆలస్యం ఉండదు.

మర్నాడు పన్నెండింటికి అసలు సంతకాలు. శుభ్రమైన ప్రతి తీయించడం నా పని. తొమ్మిదిన్నరకల్లా అశోక్ నగర్ వెళ్లాను. అక్కడ హాస్టళ్ల మధ్య ఒక డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. గవర్నమెంటు పరీక్షలకు చదివేవాళ్లు హాల్ టికెట్లకూ, బిట్ పేపర్లకూ పొద్దున్నుంచే మూగుతారు. షాపు నడిపేది పాలమూరు వైపు ఆమె. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను అక్కా అంటాను, ఎవరు పెద్దో ఇద్దరం తేల్చుకోలేదు. టైపు చేసే ప్రతి అక్షరం చదవడం ఆమె అలవాటు. అన్నేళ్లుగా ఆ పరీక్షల కాగితాలు కొట్టి కొట్టి, తనే రాస్తే గ్రూప్ టూ కొట్టేస్తుందని కుర్రాళ్లు ఏడిపిస్తుంటారు.

నేను స్టూలు మీద కూర్చుని ఫోన్లో అభినందనలు చదువుకుంటున్నాను. ఆమె కీబోర్డు ఆగింది.

“అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. ఇరవై ముప్పై అంటే రాత్రి ఎనిమిదిన్నరే గదా? రైలు టికెట్ మీద ఉంటది చూడు, గట్ల.”

“గంతే” అన్నాను తల ఎత్తకుండా.

“మరి ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాంక డ్యూటీ ఎక్కితే మీకు కష్టమా? నువ్వేమో తెల్లారగట్ల లేవలేక పరేషాన్ అయితున్న అంటివి. ఎనిమిదిన్నరకు మా ఇంట్ల ఇంక కూర గూడ పొయ్యి మీదనే ఉంటది.”

తల ఎత్తాను. తెర మీద నా వాక్యం నన్నే చూస్తోంది. 2030 నుంచి 0030 వరకు.

సంగతేమిటంటే, పైలట్లకు టైమ్ అంటే గ్రీన్విచ్ టైమ్. వాతావరణ సమాచారం, ఫ్లైట్ ప్లాన్, లాగ్‌బుక్, అన్నీ అందులోనే. మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున రెండు అని నా బుర్ర అనుకుంటే చెయ్యి తనంతట తానే ఇరవై ముప్పై అని రాసేసింది. చదివిన ముగ్గురూ పైలట్లే, వాళ్ల కళ్లకూ అది రెండు గంటలే. కానీ ఒప్పందం మొదటి పేజీలోనే ఉంది, ఇందులోని సమయాలన్నీ భారత కాలమానం ప్రకారం అని. ఇప్పుడు ఆ వాక్యం చెప్పేది ఒక్కటే. రాత్రి ఎనిమిదిన్నరకూ పన్నెండున్నరకూ మధ్య మొదలయ్యే డ్యూటీలు రెండు పడితే మూడో రోజు సెలవు. మా కంపెనీలో ఆ గంటల్లో మొదలయ్యే డ్యూటీ ఒక్కటీ లేదు. లేని డ్యూటీకి సెలవిస్తామంటే వాళ్లకు అభ్యంతరం ఎందుకుంటుంది?

నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ స్టూలును ఒక్క తన్ను తన్నాను. స్టూలుకేం కాలేదు, నా బొటనవేలు వారం రోజులు వాచింది.

“మార్చి కొట్టనా?” అంది ఆమె మెల్లగా. “రెండు, ఆరు అని పెడత. పెద్ద కాగితం గదా, ఎవలు చూస్తరు?”

ఆ ఆలోచన ఆమెకంటే ముందే నాకు వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పొడి సంతకాలున్న పేజీ వాళ్ల దగ్గర ఉంది. దొంగతనంగా మారిస్తే మొత్తం ఒప్పందమే చెత్తబుట్టలోకి పోతుంది. “రెండు ప్రతులు కొట్టు అక్కా” అన్నాను. “ఉన్నది ఉన్నట్టు ఒకటి, సరైన టైముతో ఇంకొకటి.” వేడివేడి కాగితాలు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కి కెప్టెన్‌కు ఫోన్ చేశాను. విని మొదట నవ్వారు. తర్వాత ఆ వాక్యం మళ్లీ చదివించుకున్నారు. “రా, అక్కడ చూద్దాం” అని పెట్టేశారు.

హాల్లో పూలగుత్తి పెట్టారు. ఫోటో తీసే మనిషిని కూడా పిలిచారు. నేను కూర్చోకుండానే రెండు ప్రతులూ బల్ల మీద పెట్టి, పొరపాటు నాదే, ఇలా జరిగింది అని చెప్పేశాను. మేడం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు.

“మీరు రాసిందే మేం ఒప్పుకున్నాం” అన్నారు. “ఒక్క క్లాజు తెరిస్తే అన్నీ తెరవాల్సి వస్తుంది, జీతాలతో సహా. మీ సభ్యులకు అది ఇష్టమేనా? పైగా ఐదింటి డ్యూటీల వల్ల ఇబ్బంది ఉందని ఇప్పటిదాకా మా దగ్గరకు ఒక్క రిపోర్టు కూడా రాలేదు.”

ఆ చివరి మాట ఆమె అనకపోతే నేను బతిమాలి ఊరుకునేదాన్నేమో. రిపోర్టు లేదు అన్నారు చూడండి, ఆ లేని రిపోర్టు నాదే.

“నేను రాయలేదు కాబట్టి లేదు మేడం” అన్నాను. విశాఖ దారిలో జరిగింది మొత్తం చెప్పాను. వరుసగా మూడో రోజు, ఎదురుగా సూర్యుడు, రేడియోలో పిలుపు, అన్నీ. ఎడమ సీట్లో ఉన్న కమాండర్ ఎవరో మాత్రం చెప్పలేదు. నా ఉద్యోగం పోతుందని చెబుతూ చెబుతూనే అర్థమవుతోంది, అయినా ఆపలేకపోయాను. ఆపాలని కూడా అనిపించలేదు. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్నది బయటపడుతుంటే ఎంత హాయిగా ఉందో.

మేడం కలం కింద పెట్టారు. “కమాండర్ మెలకువగానే ఉన్నారు కదా?”

“ఉన్నారు. ఉన్నారు కాబట్టే నేనిక్కడ నిలబడి మాట్లాడుతున్నాను.”

“లేను” అన్నారు నా పక్కనున్న మా సీనియర్ కెప్టెన్.

ఆయన వైపు తిరిగాను. ఆయన నన్ను చూడలేదు, బల్లనే చూస్తున్నారు. “కమాండర్‌ని నేనే మేడం. నేనూ నిద్రపోయాను. ఈ పిల్ల రేడియోలో జవాబు చెబుతుంటే ఆ గొంతుకు లేచాను. తను మెలకువగా ఉండి కాపాడిందనీ, నా పరువు పోకూడదని ఎవరికీ చెప్పలేదనీ అనుకున్నాను. ఈ క్షణం దాకా.”

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. ఫోటో తీసే మనిషి కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు.

మేడం, లాయరూ బయటికి వెళ్లారు. అరగంట తర్వాత తిరిగొచ్చి, ఆమె రెండో ప్రతి తన వైపు లాక్కున్నారు. జీతాల పేజీ ముట్టుకోలేదు, ఇంకేదీ తెరవలేదు. “రెండింటి నుంచి ఆరింటి దాకా” అని పైకి చదివి సంతకం పెట్టారు. పెట్టాక అదే మెత్తటి గొంతుతో, “మీరిద్దరూ ఆ రిపోర్టు ఇవాళే రాసివ్వాలి. విచారణ అయ్యేదాకా మీ డ్యూటీలు ఆపుతున్నాం” అన్నారు. న్యాయమే. ఇద్దరం అక్కడే, ఆ బల్ల మీదే రాసిచ్చాం.

ఇద్దరం నడుచుకుంటూ నారాయణగూడ దాకా వచ్చి, ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మధ్యాహ్నపు రద్దీ, కప్పుల చప్పుడు. మా ఫోన్లు ఆగడం లేదు. పాట్నాలో దిగిన వాళ్లు, తిరుపతిలో ఉన్నవాళ్లు, అందరూ ఎగిరి గంతేస్తున్నారు. మూడో రోజు సెలవు, నిజంగా సెలవు. మా ఇద్దరికి ఇప్పట్లో రోస్టరే లేదన్నది గుర్తొచ్చి నేను నవ్వాను, ఆయనా నవ్వారు. గెలిచామన్న సంతోషంతో నా ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. అప్పుడు అడగకూడదనుకుంటూనే అడిగాను.

“సార్, ఆ రోజు ఎంతసేపు?”

ఆయన చాయ్ కప్పు సాసర్‌లో పెట్టారు. “అది నీకు తెలుసనుకున్నానమ్మా” అన్నారు.

నాకూ తెలియదు. రేడియోలో పిలిచింది మొదటిసారో, నాలుగోసారో కూడా తెలియదు. డెబ్బై మందిని వెనక కూర్చోబెట్టుకుని ఆ విమానం ఎవరూ మెలకువగా లేకుండా ఎంత దూరం వెళ్లిందో, అందులో ఉన్న ఇద్దరు పైలట్లం ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు అడుగుతున్నాం. చాయ్ చల్లారిపోయింది. ఇంకో రెండు తెమ్మని ఆయనే చెప్పారు.