మైకులో రాకేష్ పేరు

కొత్తకోటలో మూడు సంఘాల వాళ్లూ ఒకే మాట మీద నిలబడే విషయం ఏదైనా ఉందంటే అది విజయమ్మ ప్రార్థన. బస్టాండు వెనక పాత రాతి చర్చి వాళ్లకు డ్రమ్ములూ చప్పట్లూ గిట్టవు. హైవే పక్క రేకుల మందిరం వాళ్లకు రాతి చర్చి ఆరాధన చల్లారిన చాయ్‌లా ఉంటుంది. కాలనీలో కొత్తగా పెట్టిన మూడో సంఘం వాళ్లు ఈ ఇద్దరినీ చూసి పెదవి విరుస్తారు. అయినా ఎవరింట్లో జ్వరం వచ్చినా, ఎవరి పిల్లవాడు ఇంటర్ తప్పినా, అందరూ కబురు పెట్టేది విజయమ్మకే.

ఆమె పుట్టింది ఖిల్లా ఘణపూర్ దగ్గర ఒక పల్లెలో. చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట కాలువ మట్టి మోసింది. పెళ్లయ్యాక భర్త నర్సింహులు వెంట పుణె, ముంబై తిరిగి కాంక్రీటు మోసింది. చదువు లేదు. అక్కడి గుడిసెల్లో పాలమూరు కూలీలంతా బుధవారం బుధవారం కూడుకునేవారట. వాక్యం చదవడం రాని వాళ్లే ఎక్కువ కాబట్టి ప్రార్థనే గంటల తరబడి సాగేది. విజయమ్మకు నోరు అక్కడ తిరిగింది. రాళ్ల దుమ్ముతో ఊపిరితిత్తులు చెడి నర్సింహులు పోయాక ఆమె కొత్తకోట వచ్చి ఒక ధాబాలో జొన్నరొట్టెల పొయ్యి దగ్గర కూర్చుంది. ఇప్పటికీ పొద్దున రొట్టెలు, మిగతా సమయం ప్రార్థనలు.

ఆమె ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. పేరు, గల్లీ, పని, రోగం, అన్నీ వివరంగా చెప్పాలి. ఒకసారి నేనే అడిగాను, దేవునికి అన్నీ తెలుసు కదా, ఇంత వివరం ఎందుకని.

"తెల్వదని కాదమ్మా. ఊర్ల శ్రీశైలం అని పేరున్నోళ్లు ఎంతమంది లేరు? మనం సక్కగ చెప్పకుంటే ఒకని మేలు ఇంకొకనికి పోదా?" అంది.

మేము నవ్వేవాళ్లం. పిన్‌కోడు కూడా చెప్పు విజయమ్మా అని ఏడిపించేవాళ్లం. ఆమె కూడా నవ్వేది. ఎవరి కోసం చేస్తే వాళ్ల కోసం కన్నీళ్లు పెట్టుకుని మరీ చేసేది. అందులో నటన లేదు. ఉంటే ఈ కథ ఇంత బాధ పెట్టేది కాదు.

మా వారమంతా కూడికలే. ఆదివారం ఎవరి చర్చికి వాళ్లు పోతారు. మంగళవారం ఎవరో ఒకరి ఇంట్లో గృహ కూడిక, బుధవారం వాక్య ధ్యానం. శుక్రవారం రేకుల మందిరంలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనకు మాత్రం మూడు సంఘాల వాళ్లమూ కలిసి కూర్చుంటాం. పాస్టరు గారి భార్య సుహాసినమ్మ నడిపిస్తుంది. కొంగు తల మీద వేసుకుని, చేతి నుంచి చేతికి మైకు అందుకుంటూ ప్రార్థన చేస్తాం. మందిరం పైన రెండు హారన్ స్పీకర్లు ఉంటాయి. దారిన పోయే లారీవాళ్లు కూడా వాక్యం వినాలని ఒకదాన్ని హైవే వైపు తిప్పి కట్టారు. హైవేకు అవతల లారీ మెకానిక్ షెడ్లు. అందులో ఒకదాంట్లో రాకేష్ పని చేస్తాడు.

రాకేష్ తల్లి బాలనాగమ్మ మా కూడికకు తప్పకుండా వచ్చే మనిషి. ఆమె కోడలు నిరోష ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్లయి నాలుగేళ్లు దాటింది, పిల్లల్లేరు. ప్రార్థన అంశాలు చెప్పమనగానే ముందు లేచేది బాలనాగమ్మే.

"నా కోడలి కడుపు పండాలని ప్రార్థన చేయున్రి. కొడుకు మంచోడే. ఏం పాపమో, ఈమెకే నిలుస్తలేదు."

అప్పుడు మేమంతా నిరోష చుట్టూ చేరేవాళ్లం. ఒకరు తల మీద నూనె రాసేవారు. మిగతావాళ్లం ఆమె పొట్ట మీద చేతులు పెట్టేవాళ్లం. వారం వారం అదే తంతు. ఆ పిల్ల కళ్లు మూసుకుని కట్టెలా కూర్చునేది. ఆమెకు ఎలా ఉంటుందో అని మాలో ఎవరం ఆలోచించలేదు. ప్రార్థనే కదా, ఎవరికైనా మంచిదే కదా అనుకున్నాం.

మొన్న చలికాలంలో పక్కింట్లో బిడ్డకు పేరు పెడుతుంటే నిరోష ఎత్తుకోబోయింది. బాలనాగమ్మ నలుగురిలో ఆమె చెయ్యి పక్కకు తోసి, "నువ్వు ముట్టకు" అంది. నిరోష అక్కడి నుంచి తిన్నగా విజయమ్మ ఇంటికి పోయి, ఎన్నాళ్లుగానో కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. మహబూబ్‌నగర్ దవాఖానలో ఇద్దరికీ ఎప్పుడో పరీక్షలు చేశారు. లోపం రాకేష్‌ది. ఆ మాట విన్న రోజు అతను బస్సులో దారి పొడవునా తల కిటికీకి ఆనించి ఏడ్చాడు. ఎవరికీ చెప్పొద్దని అతను అడగలేదు. నిరోషే అంది, ఇది నా మీదే ఉండనీ అని.

"నాకు ఆయన మంచిగుంటే చాలు పెద్దమ్మా. కానీ గీ మాటలు ఇంక పడలేకపోతున్న," అని ఏడ్చిందట.

విజయమ్మ కూడా ఏడ్చింది. దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "ఎవలకూ చెప్ప బిడ్డా. దేవునికి తప్ప" అంది.

మాట తప్పే మనిషి కాదు. దేవునికే చెప్పింది.

ఆ శుక్రవారం మైకు విజయమ్మ చేతికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఉపవాసంతో అందరం వాడిపోయి ఉన్నాం. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. ముందు ఎవరిదో మోకాలి నొప్పి, తర్వాత కాలేజీ పిల్లల పరీక్షలు. మెల్లగా గొంతు పెరిగింది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆవేశం వస్తే ఆమెకు చుట్టూ మనుషులున్నారన్న ధ్యాస ఉండదు.

"తండ్రీ, మా గల్లీల బాలనాగమ్మ కొడుకు రాకేష్‌ను జ్ఞాపకం చేసుకో తండ్రీ. లారీల షెడ్డుల పనిచేసే రాకేష్ ప్రభువా. లోపం వానిదే అని దవాఖానల చెప్పిన్రు తండ్రీ. నిరోషకు ఏం లేదు. మొగని పరువు కోసం అత్తతోని మాటలు పడుతుంది తండ్రీ. వాని దేహాన్ని ముట్టు. వాని లోపం తీసెయ్ ప్రభువా!"

మేము అలవాటుగా ప్రతి మాటకూ ఆమెన్ అన్నాం. మూడోసారి ఆమెన్ అన్నాక గానీ మాకు మాటలు చెవిలో పడలేదు. సుహాసినమ్మ లేచి మైకు స్విచ్చి కోసం గోడ తడుముతోంది. బాలనాగమ్మ నోరు తెరిచి చూస్తోంది. నిరోష లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయింది. విజయమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. అందరూ ఎందుకు ఆగిపోయారో తెలియక "ఆమెన్ అనున్రమ్మా" అంది.

కళ్లు తెరిచి, నిరోష కూర్చున్న చోటు ఖాళీగా ఉండటం చూసింది. అప్పుడు అర్థమైంది. మైకు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏం లాభం.

షెడ్లలో ఏం జరిగిందో నేను చూడలేదు, విన్నాను. నట్లు విప్పే పానాలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఆగిపోయాయట. తర్వాత ఎవడో నవ్వాడట. ఆ నవ్వునైనా రాకేష్ భరించేవాడేమో. మర్నాడు మా రేకుల మందిరం పెద్దలు ముగ్గురు నూనె సీసా పట్టుకుని షెడ్డుకే పోయారు. "తమ్ముడా, సిగ్గుపడకు, ఇక్కడ్నే ప్రార్థన చేస్తం" అని లారీ డ్రైవర్ల ముందు అతని తల మీద చెయ్యి పెట్టబోయారు. రాకేష్ చేతులు తుడుచుకుని షెడ్డు వెనక్కి పోయాడు. ఆ తర్వాత ఇంటికి రాలేదు, షెడ్డులోనే పడుకున్నాడు. వచ్చే శనివారం ఏదైనా లారీ ఎక్కి బెంగళూరు పోతానని, అక్కడే పని చూసుకుంటానని నిరోషకు ఫోన్ చేసి చెప్పాడు. మరి నేను అని ఆమె అడిగితే, ఇటిక్యాలకు, మీ తల్లిగారింటికి పో అన్నాడు.

ఆ మాట తెలియగానే విజయమ్మ నిరోష ఇంటికి పరుగెత్తింది. గడపలోనే కూలబడింది. క్షమించమనడానికి ఆమెకు వచ్చిన పద్ధతి ఒక్కటే. మోకరించి, కళ్లు మూసుకుని, "తండ్రీ..." అని మొదలుపెట్టింది.

"ఒద్దు పెద్దమ్మా," అంది నిరోష. "నీకు దండం పెడుత. మా సంగతి దేవునికి చెప్పకు."

ఆ మాట విజయమ్మే నాకు చెప్పింది. చెబుతూ నా మొహం చూడలేక గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎన్ని కొంపల కోసం మోకాళ్లు అరగదీసుకుందో ఆ మనిషి! అలాంటి ఆమెను ఒకరు ప్రార్థన చెయ్యొద్దని బతిమాలారు.

ఆ వారమంతా ఆమె ఊరంతా తిరిగింది. పోయిన చోటల్లా అడిగింది ఒక్కటే, రాకేష్ కోసం ప్రార్థన చెయ్యొద్దని. ఆదివారం రాతి చర్చిలో విజ్ఞాపన ప్రార్థనలో అప్పటికే "సంతానం లేని మన సోదరుడు రాకేష్" అని చదివేశారు. కాలనీ సంఘంలో మంగళవారం గృహ కూడికకు అదే అంశం. కాలనీ పాస్టరు చిన్నవాడు, శ్రవణ్ కుమార్ అని, మంచివాడే.

"ఎందుకొద్దంటున్నరమ్మా? ఏం జరిగిందో సరిగ్గ చెప్తేనే కదా నేను అందరికి చెప్పేది," అన్నాడు.

ఎందుకొద్దో చెప్పాలంటే జరిగింది మళ్లీ చెప్పాలి. తెలియని వాళ్లకు కూడా అలాగే తెలిసింది. ఆపమని పోయిన ప్రతి ఇంటా ఆమె ఆ సంగతిని కొత్తగా చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి ఆ సంగతి తలచుకుని తల బాదుకుంది. "నా నోరు పడిపోను" అని తనను తానే తిట్టుకుంది. బుధవారం నుంచి ధాబాకు కూడా పోలేదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. మర్నాడే రాకేష్ పోతానన్న రోజు. విజయమ్మ వచ్చి గోడ పక్కన, నా దగ్గర కూర్చుంది. రాకుండా ఉంటే ఆమె లేనప్పుడు ఎవరేం ప్రార్థన చేస్తారో అని భయం. బాలనాగమ్మ కూడా వచ్చింది. వారం రోజులుగా బయటికి రాని మనిషి, వెనక వరసలో కూర్చుంది.

సుహాసినమ్మ ప్రార్థన అంశాలు అడుగుతుండగా నిరోష లోపలికి వచ్చింది. తిన్నగా ముందుకు పోయి మైకు తీసుకుంది. ఆ పిల్ల మైకు పట్టడం అదే మొదలు.

"అందరికి వందనాలు. పోయిన శుక్రవారం పెద్దమ్మ చెప్పింది నిజం కాదు. లోపం నాదే. మా ఆయనకు ఏం లేదు. నేను పెద్దమ్మకు గట్ల ఎన్నడూ చెప్పలే. మా అత్తమ్మ నన్ను అంటున్నదని జాలిపడి తనే కల్పించి చెప్పింది." విజయమ్మ వైపు తిరిగింది. "నువ్వే చెప్పు పెద్దమ్మా. అందరికి వినవడాలె."

మైకు నా చేతి మీదుగానే విజయమ్మకు అందింది. దేవుని మందిరంలో అబద్ధం ఆడితే నాలుక నల్లబడుతుందని పిల్లలకు చెప్పే మనిషి ఆమె. మైకు రెండు చేతులా పట్టుకుంది. సిలువ వైపు చూడలేదు, నిరోష వైపు చూసింది.

"అవునమ్మా," అంది. "ఆ పిల్ల నాకేం చెప్పలే. నేనే కల్పించిన. రాకేష్ మీద అబద్ధం చెప్పిన. నేను అబద్ధాలదాన్ని."

ఆ మాట హారన్లోంచి హైవే దాటి షెడ్లదాకా పోయింది. రాకేష్ మర్నాడు లారీ ఎక్కలేదు, ఆ రాత్రే ఇంటికి వచ్చాడు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు చెప్పాలని ఉన్నది ఆ తర్వాత మందిరంలో జరిగిన సంగతి.

ఇద్దరిలో ఎవరూ నిజం చెప్పడం లేదని అక్కడున్న ఆడవాళ్లలో సగం మందికైనా తెలుసు. ఒక్కరమూ నోరు మెదపలేదు. పైగా అందరికీ ఊపిరి తీసుకున్నట్టయింది. లోపం రాకేష్‌దంటే వారమంతా ఊరు ఊరంతా గుసగుసలాడింది. నిరోషదంటే నమ్మడానికి మాకు ఒక్క క్షణం పట్టలేదు. సుహాసినమ్మ విజయమ్మ నాలుకను పరిశుద్ధపరచమని ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాం. బాలనాగమ్మ లేచి, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు, "నా కోడలి కడుపు కోసం ప్రార్థన చేయున్రి" అంది.

మళ్లీ అందరం నిరోష చుట్టూ చేరాం. ఒకరు నూనె రాశారు. చేతులన్నీ ఆమె పొట్ట మీదికి పోయాయి. విజయమ్మ ఒక్కతే వెనక్కి జరిగి గోడకు అంటుకుపోయింది. నిరోష కళ్లు తెరిచి చూసి, చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగింది.

"నువ్వు గూడ పెట్టు పెద్దమ్మా," అంది, నాకూ ఆమెకూ మాత్రమే వినబడేలా. "లేకుంటే నమ్మరు."

విజయమ్మ చెయ్యి పెట్టింది. తల ఎత్తలేదు. ఆమె చెయ్యి పక్కనే నా చెయ్యి ఉంది. నేనూ తల ఎత్తలేదు.