ఓబుళేశు సారుకు ఆరుగురు కావాలి

ఒకేలా ఉండాల్సిన రెండు వస్తువులు కంటబడితే ఓబుళేశు సారు వాటిని పక్కపక్కన పెట్టకుండా ఉండలేడు. పెట్టాక, అవి ఏమాత్రం కలిశాయో ఆరుగురిని అడగందే ఆయనకు నిద్ర పట్టదు. కర్నూలు ఊరి చివర, సోలారు బోరు మోటార్లకు కంట్రోలు పెట్టెలు తయారుచేసే కంపెనీలో ఆయన పరీక్షల విభాగానికి పెద్ద. వయసు యాభై ఆరు. జేబులో రెండు పెన్నులు, చంకలో పొడుగాటి నోటుబుక్కు. ఆ బుక్కు వరండాలో కనబడితే చాలు, పని లేనివాళ్లకు కూడా అర్జంటు పనులు గుర్తొచ్చేవి.

ఆయన దగ్గర మార్కులు ఆరే. అద్భుతం, చాలా బాగు, బాగు, పరవాలేదు, బాగాలేదు, అధ్వానం. ఆరుగురూ విడివిడిగా చెప్పాలి, చెప్పి సంతకం పెట్టాలి. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకూడదు.

“పక్కోడు చెప్పింది ఇంటే నీ కన్ను నీ మాట ఇనదప్పా,” అని ఒక్కొక్కరినీ గోడ చాటుకు తీసుకుపోయేవాడు. చూసినవాళ్లు అక్కడేదో లంచం వ్యవహారం నడుస్తోందనుకునేవాళ్లు.

ప్రణీత ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఈ గోడ చాటు సంగతి తెలుసుకుంది. ఆమె మాధవరం చేనేత ఇంటి పిల్ల, ఇంజనీరింగు అయిపోగానే వచ్చి చేరింది. ఓబుళేశు సారు ఆమె దరఖాస్తు మీది ఫొటోను ఆమె ముఖం పక్కన పట్టుకుని వాచ్‌మన్ వెంకటప్పను పిలిచాడు.

“ఏమప్పా, ఈ రెండూ ఏమాత్రం కలిసినాయి?”

వెంకటప్ప తల వంచి, తల తిప్పి, తీరిగ్గా చూశాడు. “పరవాలేదు సార్. ఫొటోలో పాప నవ్వుతాండాది, ఈడ బెదురుకోని ఉండాది.”

సారు అది పొల్లుపోకుండా రాసుకున్నాడు. ప్రణీతకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

క్యాంటీను నడిపే యశోదమ్మ బాధ ఇంకో రకం. నిన్నటి బొరుగుల ఉగ్గాని ఒక గిన్నెడు దాచిపెట్టి, ఈ రోజు ఉగ్గాని పక్కన పెట్టి, సారు వచ్చిన ప్రతివాడికీ రెండూ రుచి చూపించడం మొదలుపెట్టాడు.

“నిన్నటిది పాచిపోయింది సార్! యాడ కలుస్తాది?”

“అదే మార్కుల్లో చెప్పమ్మా.”

“అధ్వానం!”

“ఆ, అట్ల చెప్పల్ల,” అని సంతోషంగా సంతకం పెట్టించుకున్నాడు.

తన పెళ్లిచూపుల్లో కూడా సారుది ఇదే వరస అట. ఫొటోను అమ్మాయి పక్కన పెట్టి, కాబోయే మామగారితో సహా ఆరుగురిని పెరట్లోకి పిలిచి అడిగాడు. ఐదుగురు చాలా బాగు అన్నారు. మామగారు మాత్రం ఈ సంబంధమే వద్దన్నాడు. ఆ అమ్మాయే ఆయన భార్య మహాదేవమ్మ. “ఆ పొద్దు ఈయన ఫొటో కూడా తెమ్మనాల్సింది, నాకు తెలివి లేకపాయ,” అని ఇప్పటికీ అంటుంది. గండికోటకు పోయినప్పుడు క్యాలెండరు మీది లోయ బొమ్మను అసలు లోయ ముందు పట్టుకుని యాత్రికులను నిలబెట్టి అడిగాడు. ఎండకు మాడిపోయి ఉన్న ఒకాయన ‘పరవాలేదు’ అనేసి నీళ్ల బాటిలు కోసం పరుగెత్తాడు.

ఇంతకీ ఆయన అసలు పని కూడా పోలికే. కంట్రోలు పెట్టె నడుస్తున్నప్పుడు దానిలోనుంచి కంటికి కనబడని అలలు బయటికొస్తాయి. అవి హద్దు దాటితే పక్క పొలంలో రేడియో గరగరలాడుతుంది, ఇంకో మోటారు దానంతట అదే ఆగిపోతుంది. అందుకని ఏ అల ఎంత ఎత్తున వస్తుందో ముందే కంప్యూటరు లెక్కగట్టి ఒక గీత గీస్తుంది. ఆ తర్వాత పెట్టెను ఊరి బయట బీడు భూమిలో పెట్టి, యాంటెన్నాతో కొలిచి ఇంకో గీత గీస్తారు. రెండు గీతలూ కలిస్తేనే కంప్యూటరు మాట నమ్మేది.

ఆ లెక్క కట్టేది ప్రణీత. ఆమె గీతలూ కొలత గీతలూ కలవలేదు. కొలతలో ఒకచోట ఎద్దు మూపురంలాగా పెద్ద గుట్ట లేచింది, లెక్కలో అక్కడ చదును. రెండు నెలలు తిప్పలు పడినా ఆ గుట్ట ఎక్కడిదో తేలలేదు. శుక్రవారంతో ఆమె చేరి ఆరు నెలలు. ఉద్యోగం ఖాయం చేయడమో, ఇంటికి పంపడమో యజమాని నరసన్న ఆ రోజే తేలుస్తాడు.

“ఎందుకంత బాధ?” అన్నాడు పక్క కుర్చీ భూపేష్. “లెక్కలో వైరు పొడవు పెంచు, పెట్టె మందం రవ్వంత తగ్గించు. కలిసేదాకా తిప్పుతా పో. ఎవురు చూస్తారు?”

భయం ఎంత పనైనా చేయిస్తుంది. మంగళవారమంతా ప్రణీత తిప్పింది. సాయంత్రానికి ఒక గీత మీద ఇంకో గీత పడుకుంది. సారు ఆరుగురికీ చూపించాడు. ఆరుగురూ అద్భుతం అన్నారు.

ఓబుళేశు సారు ముఖం మాడిపోయింది. బుక్కు మూసేశాడు.

“ముప్పై ఏండ్లలో ఆరు అద్భుతాలు నేను సూడలే. కంప్యూటరు ఏసీలో ఉండాది, కొలత ఎండలో ఉండాది. రెండూ ఇంత కలిసేది యాడన్నా ఉంటాదా? నిజం చెప్పమ్మా. కొలత చూసినాక లెక్క మార్చినావా?”

ప్రణీత తల వంచుకుంది. “మార్చినా సార్.”

“అది పోలిక కాదు, చూసి రాసేది.” కోప్పడతాడనుకుంది. ఆయన చేత్తో బుక్కు మీది దుమ్ము తుడిచాడు. “నీ పాత లెక్క తెచ్చుకో. ఎల్లుండి బీటికి పోదాం. దాన్ని నేనింకా నమ్ముతాండా.”

ఆ మాటకు ప్రణీతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన లెక్కను తనే నమ్మడం మానేసి అప్పటికి నెలయింది.

గురువారం పొద్దున బేతంచెర్ల దారిలో, బండలు పాలిష్ పట్టే మిషన్ల గోల అందనంత దూరంలో ఉన్న బీట్లో సామాన్లు దించారు. ప్రణీత పెట్టె పెట్టి, మోటారు పెట్టి, మధ్యన వైరు పరిచింది. ఆరు మీటర్లు సరిపోయాయి. మిగిలిన నాలుగు మీటర్లను చకచకా చుట్టచుట్టి, ముడి వేసి, ముచ్చటగా పక్కన పెట్టింది.

ఓబుళేశు సారు ఆమె చేతులనే చూస్తున్నాడు. “అట్ల చుట్టినావేమ్మా?”

“వదులుగా ఇడిస్తే మా నాయన కోప్పడతాడు సార్.”

“మీ నాయన ఈడ లేడు కదమ్మా.”

ప్రణీత తన చేతుల వంక చూసుకుంది. నేతింట్లో నేలమీద వదులు దారం వదలడమంటే పెద్ద తప్పు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చేతులు కనబడినదాన్నల్లా చుట్టేస్తూనే ఉన్నాయి. కంప్యూటరు లెక్కలో మాత్రం వైరు పది మీటర్లూ నిటారుగా పడుకుని ఉంది. “సార్, మొదటి కొలత పొద్దు కూడా నేనే చుట్టినా!” అని అరిచింది.

చుట్ట విప్పి, మోటారును దూరం జరిపి, వైరు చాపి మళ్లీ కొలిచారు. మూపురం దిగిపోయింది. అన్నాళ్లూ ఆ గుట్టను లేపింది వైరు చుట్టే.

ఇక ఆరుగురు కావాలి. నరమానవుడు లేని బీడు అది. సారు రోడ్డెక్కి బండల లారీలు ఆపాడు. ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు, ఇద్దరు గొర్రెల కాపరులు వచ్చి గీతలు చూశారు. నలుగురు బాగు అన్నారు, ఇద్దరు పరవాలేదు అన్నారు. అద్భుతం అని ఒక్కరు కూడా అనకపోయేసరికి ఓబుళేశు సారుకు పట్టరాని ఆనందమైంది.

శుక్రవారం నరసన్నకు అంత ఆనందం కలగలేదు. “రెండు నెలలు పోయింది ఒక వైరు చుట్ట కోసమా? ఎవురు చుట్టినారు?”

ప్రణీత లేచి నిలబడింది. “నేనే సార్.”

నరసన్న ఆమె కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. భూపేష్ నేలచూపులు చూశాడు. ఓబుళేశు సారు మాత్రం నిదానంగా నోటుబుక్కు తెరిచాడు.

“సార్, మొదటి కొలతకు ముందు రోజు బీట్లో సామాన్లు పరిచి ఫొటో తీసినాం. దాన్ని లెక్క కోసం కంప్యూటరులో గీసిన సామాన్ల బొమ్మ పక్కన పెట్టి, రెండూ కలిసినాయా అని అడిగినా. వెంకటప్ప, బాగు. యశోదమ్మ, అద్భుతం. చుట్ట భలే చుట్టినారు అనింది. భూపేష్, చాలా బాగు. నేను, చాలా బాగు. ప్రణీత, బాగు.”

“ఐదుగురే కద?”

“అందరికంటే ముందు నరసన్న సార్. చాలా బాగు. సంతకం ఉండాది.”

నరసన్న బుక్కు లాక్కుని చూశాడు. “నేను కారు దిగుతాంటే మూతి మీద పెడితివి కదప్పా! నేను యాడ చూసినా?”

“చూడకుండానే చాలా బాగు అన్నారా సార్?”

 ముందు నరసన్న మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత ఆయన నవ్వు క్యాంటీను దాకా వినబడింది. “పోప్పా నువ్వు,” అంటూ ప్రణీత ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టాడు.

వరండాలో ప్రణీత ఆ నోటుబుక్కు అడిగి తీసుకుంది. ఉగ్గాని పేజీలు దాటేసి, కొలతకు ముందు తీసిన ఫొటోల పేజీలు తిప్పింది. ఐదారేళ్ల వెనక్కి పోయింది. కింది పేర్లు మారుతున్నాయి గానీ ప్రతి పేజీలోనూ మొదటి సంతకం ఒక్కటే.

“సార్, అన్నిట్లో పెద్ద సారుదే ముందు పెట్టించినారే?”

ఓబుళేశు సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “కొలతలన్నాక తప్పులు వస్తానే ఉంటాయి. వచ్చినప్పుడు ఒక్క పేరు దొరికితే ఆ ఒక్కరినే ఇంటికి పంపిస్తారు. నరసన్న సారును ఎవురు పంపిస్తారమ్మా?”

ప్రణీత బుక్కు మెల్లగా మూసింది. ఇన్నాళ్లూ ఈ మనిషికి పిచ్చి అని తానూ అందరితో కలిసి నవ్వింది.

అంతలో బయట నరసన్న కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. సోమవారం కొత్త పెట్టె కొలత ఉంది. దాని ఫొటో, బొమ్మ బల్ల మీదే ఉన్నాయి.

“పోతాండాడు సార్!” అని రెండు కాగితాలూ అందుకుని, సారు కంటే ముందు ప్రణీతే గేటు వైపు పరుగెత్తింది.