మూడు కత్తెర్ల మొక్కు

నేను కాలేజీలో చేరిన ఏడాది, ఎనభైల మొదట్లో, ఒక తెలుగు సినిమాలో హీరోయిన్ నుదుటి మీద జుట్టు కత్తిరించుకుని కనబడింది. బళ్ళారిలో ఆ సినిమా ఆడినన్నాళ్ళూ నాకు నిద్ర పట్టలేదు. మా బ్రూస్‌పేట షావుకార్ల ఇళ్ళలో ఆడపిల్లలమంతా ఒకే అచ్చు. నూనె కారే తలలు, రెండు జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు. ఒక్కసారైనా ఎవరైనా వెనక్కి తిరిగి నన్ను చూడాలనిపించింది. తప్పేముంది?

నాన్న బట్టల అంగడి కత్తెరతో అద్దం ముందు నిలబడి ముంగురులు కోసుకున్నాను. ఒక పక్క కాస్త ఎక్కువే పోయింది. అయినా బాగున్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఆడపిల్ల జుట్టు కత్తిరిస్తే ఇంటికి అరిష్టమని మావాళ్ళ నమ్మకం. అమ్మ నన్ను చూసి నోరు తెరిచేలోపే ఎదురింటి అవ్వ గుమ్మంలోకి వచ్చేసింది.

“ఏందే, ముందర వెంట్రుకలు యాడ పోయినాయి?”

నేను సినిమా మాట ఎత్తబోయాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. “తిరుపతి మొక్కుండాది అవ్వా. మూడు కత్తెర్లు తీసి ముడుపు కట్టినా.”

గుండు చేయించుకోలేని ఆడవాళ్ళు స్వామికి మూడు కత్తెర్ల జుట్టు ఇవ్వడం మామూలే. కానీ దాన్ని కొండమీదే, జడ చివర ఇస్తారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అమ్మకు అంత తీరిక ఎక్కడిది!

“ఈడ తీసినావా?” అవ్వ గుండెల మీద చెయ్యేసుకుంది. “అపచారం గదమ్మా! ఇంక తల మొత్తం ఇయ్యాల్సిందే.”

అవ్వ వెళ్ళాక అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. “సినిమా చూసి కోసుకుందని చెప్పమ్మా. తిడితే నన్నే తిడతారు.”

“సినిమా అంటే మొహాన ఉమ్ముతారే. గుండంటే దండం పెడతారు,” అంది అమ్మ. ఆ వేసవి సెలవుల్లోనే నన్ను తిరుపతి తీసుకెళ్ళింది. మంగలి కత్తి తలమీద పెట్టినప్పుడు నేను ఏడుస్తుంటే, భక్తితో ఏడుస్తున్నానని పక్కనున్నవాళ్ళకు చెప్పింది. ఆ కోపం నాలో ఇంతవరకూ చల్లారలేదు.

అమ్మ చెప్పినట్టే పేటంతా దండం పెట్టింది. అవ్వైతే వాళ్ళ కోడళ్ళకు నన్ను చూపించి బుద్ధులు చెప్పింది.

కాలేజీ తెరిచారు. సెలవుల్లో ఆ మోజు ఊరంతా పాకినట్టుంది, మా క్లాసులో సగంమంది నుదుటి మీద ముంగురులే. వాళ్ళ అమ్మలు నాలుగు తిట్టి ఊరుకున్నారట. నా బెంచీ పిల్ల కళ్ళలో పడుతున్న జుట్టును ఊదుకుంటూ కూర్చుంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి నవ్వింది.

“ఇది సినిమాలో వచ్చిన కట్టింగులే. నువ్వు దేవుని పిల్లవి, నీకివన్నీ యాడ తెలుస్తాయి!”

తలకు చుట్టుకున్న గుడ్డ సర్దుకుని, బాగుందన్నాను.