పాసు చెల్లని ఆకాశం

మా ఆయనకి రైల్వే పాసు ఎంతవరకు చెల్లితే ప్రపంచం అంతవరకే. పూరీ, హరిద్వార్, కన్యాకుమారి, మళ్ళీ పూరీ. పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన దగ్గర్నుంచీ ఏటా ఇదే తంతు. పులిహోర పొట్లాలు కట్టడం నా వంతు, కిటికీ సీటు ఆయన వంతు.

నేను మందిర్ హసౌద్‌లో ఒక బడిలో భూగోళం చెప్పేదాన్ని, హిందీలో. ధ్రువాల పాఠం వచ్చినప్పుడల్లా ఆకుపచ్చ సుద్దతో బోర్డు మీద తెరల్లా గీసి, ఉత్తరాన రాత్రిపూట ఆకాశంలో వెలుగులు ఇలా కదులుతాయని చెప్పేదాన్ని. ఎవరో ఒక పిల్ల లేచి అడిగేది, "మేడమ్, ఆప్‌నే దేఖా హై?" మీరు చూశారా అని. లేదని చెప్పలేక, సుద్ద పక్కన పెట్టి తర్వాతి పాఠం తీసేదాన్ని. చచ్చేలోపు ఒక్కసారి ఆ వెలుగుల కింద నిలబడాలి. నాకున్న పిచ్చి అదొక్కటే. నగలడగలేదు, చీరలడగలేదు.

ఇంట్లో చెబితే ఆయన అన్నమాట: "ఏటే, ఆకాశం చూడ్డానికి అంత దూరమేటి? మేడెక్కు, కనిపిస్తాది."

అక్కడితో ఆగారా? ఓ సాయంత్రం సిల్తారా వైపు ఎవరింట్లోనో బారసాలకెళ్ళి వస్తున్నాం. చీకటి పడుతోంది. ఉక్కు ఫ్యాక్టరీల మంటకి మబ్బులన్నీ ఎర్రబడ్డాయి. స్కూటర్ ఆపి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "అదుగో నీ వెలుగులు! చూసేశావు, ఇంక గొడవొదిలిపోయింది" అన్నారు. నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. దుమ్ము కళ్ళలో పడి నీళ్ళు కారుతుంటే, ఏడుస్తున్నాననుకుని ఇంకా నవ్వారు. పైగా దేవేంద్ర నగర్‌లో మా చుట్టాలందరి ఇళ్ళల్లోనూ టముకు వేశారు. ఏ పేరంటానికెళ్ళినా, "ఏం వదినా, మళ్ళీ సిల్తారా వెళ్ళొచ్చావా?" అని ఇకిలింపులు. సాటి ఆడాళ్ళయి ఉండీ! వాళ్ళ నోళ్ళు పడిపోను. పళ్ళు బిగబట్టి, కాళ్ళకి పసుపు రాయించుకుని వచ్చేసేదాన్ని.

నా జీతం నా చేతికొచ్చేదే. డబ్బు కాదు అడ్డం. "కాపురం చేసుకునే ఆడది ఒక్కతే దేశాలు తిరుగుతాదా?" అదీ అడ్డం. ఆయన రారు, నన్ను పోనివ్వరు.

మొన్నామధ్య ఆయన రిటైరయ్యారు. మా రైల్వేవాళ్ళలో ఆ రోజు పెళ్ళాన్ని కూడా వేదికెక్కించి, పక్కన కుర్చీ వేసి, దండ వేస్తారు. మైకిస్తే ఓ నమస్కారం పెట్టి కూర్చోవాలి. అందరూ అదే చేస్తారు. ఆయన లేచి హిందీలో మొదలెట్టారు. పాసు పుణ్యమా అని మా ఆవిడకి దేశమంతా చూపించానండీ, ఆవిడకింక ఏ కోరికా మిగల్లేదండీ, అని. చప్పట్లే చప్పట్లు.

మిగల్లేదట! నా కోరిక సంగతి ఈయన చెప్పడమేమిటి? మైకు నా చేతికి రాగానే నేనూ హిందీలోనే అందుకున్నాను, అక్కడున్నవాళ్ళలో ఒక్కరికి కూడా అర్థం కాకుండా పోకూడదని. "ఆయన చెప్పింది అబద్ధం. నాకో కోరికుంది. ఇన్నేళ్ళూ దాన్ని నవ్వులపాలు చేసింది ఈయనే. ఈ చలికాలం నేను వెళ్తున్నాను." ఒక్క చప్పట లేదు. వెనకాల ఎవరో దగ్గారు.

ఆటోలో ఆయన కుతకుతలాడిపోతున్నారు. మెడలో దండ తియ్యడం కూడా మర్చిపోయారు. "నలుగురిలో నా పరువు తీసేశావు కదే! ఒక్కదానివే ఎలా వెళ్తావు?"

"ఇన్నేళ్ళూ చూడాలనుకున్నది నేనొక్కదాన్నే కదా," అన్నాను. "వెళ్ళేదీ ఒక్కదాన్నే."