ఎస్తేరమ్మ ఆపిన ప్రార్థన

మొన్న సుల్తానాబాద్ నుంచి గనుల కాలనీలో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్తుంటే, ఒక క్వార్టర్ ముందు బొగ్గుల పొయ్యి రాజేసి ఉంది. ఇంటింటికీ గ్యాసు వచ్చాక ఆ పొగ ఎదురవడమే అరుదు. గొంతు వెనక గీరుకుపోయే ఆ వాసన తగలగానే ఎస్తేరమ్మ వరండా కళ్ల ముందుకొచ్చింది. ఆమె మీద నాకొక ఫిర్యాదు ఉంది. ముందు అది చెప్పుకుంటేనే మిగతాది నిజాయితీగా రాయగలను. పదిమంది ముందు ఆమె నా ప్రార్థనను మధ్యలో ఆపింది.

ఎస్తేరమ్మ గని క్యాంటీన్‌లో వంట చేసేది. భర్త పోయాక వచ్చిన కొలువు అది. గురువారం సాయంత్రాలు బొగ్గుల పొయ్యి మీద చాయ్ పెట్టి, వరండాలో చాప పరిచి బైబిలు పాఠం చెప్పేది. పెద్దగా చదువుకున్నది కాదు. ఒకరు వచనం చదవాలి, ఇంకొకరు పుస్తకం మూసి దాన్ని ఇంటి మాటల్లో చెప్పాలి, అంతే ఆమె పద్ధతి. ఎవరైనా "కృప" అని తేలిగ్గా అనేస్తే వదిలేది కాదు. "కృప అంటే ఏంది? అంగట్ల కూరగాయలమ్మే మీ అత్తకు సమజయ్యేటట్టు చెప్పు" అనేది. ఒకామె, "అడగకుంటనే పెట్టే బువ్వ" అంది. "పెట్టినంక యాదిచేసి తిట్టకుంట ఉండుడు సుత" అని ఎస్తేరమ్మ నవ్వింది.

మా బాపు ఆ వరండా మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతూ పాఠం వినేవాడు. ఇరవై ఏళ్లు విన్నాడు, లోపలికి మాత్రం రాలేదు. బీడీ, కల్లు మానినవాళ్లకే మా సంఘంలో బాప్తిస్మం ఇచ్చేవారు. ఆదివారం మానామని చెప్పి నీళ్లలో మునిగి, సోమవారం గని బయట ముట్టించేవాళ్లు కొందరుండేవారు.

"అన్నా, బాప్తిస్మం ఎప్పుడు మరి?" అని ఎస్తేరమ్మ అడిగేది.

"బీడీ ఇడిసినంక. ఇడిసిన్నని అబద్ధమాడి మునగాల్నా?"

"గట్లయితే నీకు ఈ మెట్టే గతి."

"మంచిగనే వినవడుతుందిలే, చెప్పు" అనేవాడు బాపు.

ఆ మెట్టు దాటి లోపలికి రాకుండానే బాపు చనిపోయాడు. పెట్టెను చర్చి ముందు దించితే సంఘ పెద్ద యాకోబు గారు గేటు వేసి, "బాప్తిస్మం లేని మనిషిని లోపటికి తేవద్దు. నియమం" అన్నారు. మా బాపు ఎండలో, రోడ్డు పక్కన ఉన్నాడు. ఎస్తేరమ్మ గేటు పక్కనే నెత్తి మీద కొంగు వేసుకుని నిలబడి ఉంది. నోరు విప్పలేదు. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ తర్వాత మూడేళ్లు నేను చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లలో పాలు పొందలేదు. రొట్టె పళ్లెం నా దాకా వస్తే ముట్టకుండా పక్కవాళ్లకు అందించేదాన్ని. ఎందుకని అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను.

ఒక గురువారం ముగింపు ప్రార్థన నా వంతుకు వచ్చింది. మా వాళ్లలో ఒక అలవాటుంది. ముఖం మీద అనలేని మాటను కళ్లు మూసుకుని దేవునితో అన్నట్టు అంటారు. అవతలి మనిషి ఆమెన్ అనక తప్పదు. నా ఎదురుగా యాకోబు గారి భార్య కూర్చుని ఉంది. "ప్రభువా, చచ్చిన మనిషి మీద గేటు వేసినోళ్ల గుండెలు పగలగొట్టు" అని మొదలుపెట్టాను.

"ఆగు బిడ్డా" అంది ఎస్తేరమ్మ. "గిది దేవునితోని చెప్తున్నవా, ఆమెతోని చెప్తున్నవా?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను.

మర్నాడు ఆమె క్యాంటీన్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను కూర్చోమనలేదు. తనే గడపలో కూర్చుంది.

"దేవుని మీద కోపముంటే దేవునితోనే లొల్లి పెట్టుకో. కీర్తనల్ల ఎన్ని ఫిర్యాదులున్నయో చూడు, ఆయన వినలేదా? మనిషి మీద కోపమైతే ఆ మనిషి కాడికి ఒక్కదానివే పొమ్మన్నడు యేసయ్య. యాకోబుతోని చెప్పినవా?"

"కాలనీ అంతకు ఎరుకే పెద్దమ్మా."

"యాకోబుతోని చెప్పినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"సరే. మరి నా మీద ఏమున్నది? ఎదురుంగనే ఉన్న, చెప్పు."

గేటు దగ్గర ఆమె మౌనం గురించి చెప్పాను. అడ్డు చెప్పకుండా చివరిదాకా విన్నది.

"అవు, భయపడ్డ. నోరు తెరిస్తే గీ పాఠం బంద్ పెడ్తరనుకున్న. మీ బాపు కన్న పాఠమే పెద్దగ కనవడ్డది. తప్పు చేసిన బిడ్డా."

ఆమె తప్పించుకుంటుందనీ, అప్పుడు నిలదీయాలనీ మూడేళ్లుగా మాటలు కూడగట్టుకున్నాను. అవేవీ పనికిరాలేదు.

ఆ వారమే యాకోబు గారింటికి ఒక్కదాన్నే వెళ్లాను. యేసు పక్కన సిలువ మీద ఉండి పరలోకానికి పోయిన దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారని అడిగాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఆ దొంగకు సిలువ దిగే వీలు లేకుండె. మీ బాపుకు ఇరవై ఏండ్లు వీలుండె గదమ్మా" అన్నారు. తప్పని ఒప్పుకోలేదు. అక్కడి నుంచి తిన్నగా ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్లాను.

"మరి మా బాపు ఎక్కడున్నట్టు పెద్దమ్మా?"

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంది. "తెల్వదు బిడ్డా. తెల్సినట్టు చెప్తే నీ పానం నిమ్మలపడ్తది, గాని నాకు తెల్వదు. అబద్ధమాడి నీళ్లల్ల దిగలేదని మాత్రం ఎరుక. దేవునికి సుత ఎరుకే. ఆయన చేతుల పెట్టు."

ఒక్క మాట ఊరటగా చెప్పలేకపోయిందా అని ఆ రోజు నొచ్చుకున్నాను. నాకు ఊరట చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మాటలు ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేవు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఎస్తేరమ్మ లేచి, గేటు దగ్గర తాను నోరు మూసుకున్నందుకు నన్ను క్షమించమని సంఘంలో అందరి ముందు అడిగింది. యాకోబు గారి పేరు ఎత్తలేదు. ఆ రోజు నేను రొట్టె తీసుకున్నాను. రెండు వారాలకు, గురువారం పాఠం ఇక చాలించమని పెద్దలు ఆమెకు కబురు పంపారు. భయపడ్డదే జరిగింది కదా పెద్దమ్మా అంటే, "షిఫ్టు దిగినంక జర నడుం వాల్చుకుంట తీయ్" అంది. మళ్లీ ఆ వరండాలో పాఠం జరగలేదు. ఆమె పోయే దాకా ఆ కబురు గురించి ఎవరి దగ్గరా ఒక్క ఫిర్యాదు చేయలేదు. ఆమె తరఫున నేను ఇప్పటికీ చేస్తున్నాను.

పోయిన ఏడాది యాకోబు గారు మంచం పట్టారని తెలిసి చూడటానికి వెళ్లాను. ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను యాడికి పోతనంటవ్?" అన్నారు. ఎన్నో సమాధి కార్యక్రమాల్లో పోయినవాళ్లు ఎక్కడికి చేరారో తడుముకోకుండా చెప్పిన మనిషి ఆయన. నా నోట్లో ఒక మాట సిద్ధంగానే ఉంది.

"తెల్వదు పెద్దయ్యా. ఆయన చేతుల పెట్టుండ్రి" అన్నాను.

నా గొంతులో కసి ఉందేమోనని వెతుక్కున్నాను. కొంచెం ఉంది. అయినా ఆయన చెయ్యి వదిలించుకోలేదు. బజారుకు పోయిన కోడలు తిరిగి వచ్చే దాకా అక్కడే కూర్చున్నాను.